మీరుగారు, ఏడో నంబరు పెద్దావిడ

మా ఫోర్‌మన్‌కి లోకంలో మనుషులంతా "నువ్వు"లే. యంత్రాలు మాత్రం "మీరు"లు. అన్ని యంత్రాలూ కాదు. కొత్తగా వచ్చిన డ్రిల్లింగ్ మెషీన్‌ని "ఏమోయ్" అనేవాడు. పదేళ్ళు దాటినదానికి "అండీ" తగిలించేవాడు. పాతికేళ్ళు దాటిన యంత్రం ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. వైమానిక దళం షెడ్డులో ఆయన కింద పద్నాలుగేళ్ళు మెకానిక్‌గా పనిచేశాను. ఒక్కనాడు నన్ను "మీరు" అన్న పాపాన పోలేదు. నా పక్కనున్న గాలి కంప్రెసర్‌ని మాత్రం రోజూ ఉదయం "రాత్రి బాగా విశ్రాంతి దొరికిందా అండీ?" అని అడిగేవాడు. అందుకే ఆయనకి మేం మీరుగారు అని పేరు పెట్టుకున్నాం.

మమ్మల్ని పనికి తీసుకెళ్ళే బస్సుకి ముప్పై ఏళ్ళు. దారిలో ఒక ఎత్తు ఉండేది. బస్సు అక్కడికి రాగానే మూలిగేది. మీరుగారు వెంటనే లేచి, కిటికీ చువ్వని నిమిరి, "కంగారు పడకండి, మేం దిగి నడుస్తాం" అనేవాడు. మమ్మల్ని పద్దెనిమిది మందినీ దింపేసేవాడు.

"సార్, బండి ఎక్కగలదు సార్!" అని డ్రైవరు మొత్తుకునేవాడు.

"అది నువ్వంటున్నావు. వారన్నారా?"

వానైనా ఎండైనా మేం నడిచేవాళ్ళం. ఖాళీ బస్సు మా పక్కనుంచి హాయిగా ఎత్తెక్కి, పైన మాకోసం ఆగేది. డ్రైవరు మా మొహాలు చూడలేక తల తిప్పుకునేవాడు.

ఇంట్లో ఇంకో కథ. మాది పక్క క్వార్టరే కాబట్టి గోడ అవతలి మాటలన్నీ మాకు వినపడేవి. ఆయన భార్యని మేమంతా అక్కా అని పిలిచేవాళ్ళం. ఒక ఆదివారం బట్టలుతికే మెషీన్ మధ్యలో ఆగిపోయింది.

"అలిసిపోయారా? తొందరేం లేదు, కాసేపాగి తిరుగుదురుగాని" అని ఈయన గొంతు.

"ముప్పై రెండేళ్ళుగా ఈ ఇంట్లో తిరుగుతున్నాను. నన్నెప్పుడైనా అలిసిపోయారా అని అడిగారా?" అని అక్క గొంతు.

"నువ్వింకా కొత్తగానే ఉన్నావు కదే!"

తిట్టాలో నవ్వాలో తేల్చుకోలేక ఆవిడ మా ఇంటికొచ్చి, మా ఆవిడ దగ్గర కూచుని కాఫీ తాగి వెళ్ళింది.

కమాండరుతో జరిగింది మాత్రం షెడ్డంతా నెలరోజులు చెప్పుకున్నారు. కమాండరు కొత్తగా ఉద్యోగంలో చేరి, విమానం తోక ఏదో ముక్కు ఏదో తెలియక తిరిగిన రోజుల నుంచీ మీరుగారు ఆయన్ని ఎరుగును. అందుకని అక్కడ కూడా నువ్వే. ఒకరోజు కమాండరు తనిఖీకి వచ్చి ఆయన వెనకే నిలబడ్డాడు. మీరుగారు ఇంజిన్‌లోకి తలదూర్చి, "ఏమిటి, ఇవాళ కడుపులో గుడగుడమంటోంది, రాత్రి తిన్నది పడలేదా?" అన్నాడు.

కమాండరు తెల్లబోయి పొట్టమీద చెయ్యి వేసుకుని, "అవును. నీకెలా తెలుసు?" అన్నాడు.

మీరుగారు తల బయటికి తీసి, "నిన్ను కాదు, నువ్వాగు నాయనా" అని మళ్ళీ లోపలికి దూర్చాడు.

మేం నవ్వుకున్నా, ఆ విమానాల వయసు మాత్రం నవ్వులాట కాదు. మా షెడ్డులో ఆరు జెట్ విమానాలుండేవి. అన్నిటికంటే చిన్నదానికి ముప్పై నాలుగేళ్ళు. వాటిని నడిపే పైలట్లలో ఎవరికీ ముప్పై దాటలేదు. విడిభాగాలు చేసిన కార్ఖానా ఎప్పుడో మూతపడింది. మూడేళ్ళకోసారి ప్రధాన కార్యాలయం నుంచి ఒక కాగితం వచ్చేది. ఇంకో మూడేళ్ళు ఎగరవచ్చు అని అందులో ఉండేది. విమానం పాతదే, కాగితం మాత్రం కొత్తది.

ఆరింటిలోకీ పెద్దది ఏడో నంబరు. ఆరు విమానాల్లో ఏడో నంబరేమిటంటే, మూడో నంబరు ముందే కూలిపోయింది. ఏడో నంబరుకి నలభై ఒకటి. మీరుగారు దాన్ని "పెద్దావిడ" అనేవాడు.

దాన్ని నడపడానికి ఇరవై ఆరేళ్ళ పైలట్ అమ్మాయి వచ్చింది. మొదటిరోజు నిచ్చెన దగ్గర ఆగి, హెల్మెట్ పట్టీని మూడుసార్లు పెట్టి మూడుసార్లు తీసింది. మీరుగారు చూశాడు.

"ఏమ్మాయ్, పలకరించకుండానే ఎక్కేస్తావా? మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఒళ్ళోకి ఇలాగే దూకుతావా?"

ఆ అమ్మాయి మావైపు చూసింది. మేమంతా చాలా సీరియస్‌గా నిలబడ్డాం.

"బాగున్నారా పెద్దమ్మగారూ?" అంది సన్నగా.

"గట్టిగా చెప్పు. వారికి కుడిచెవి సరిగ్గా వినపడదు."

"బాగున్నారా పెద్దమ్మగారూ!" అని అరిచి, పకాలున నవ్వేసింది. అలా నవ్వుతూనే ఎక్కి కూచుంది.

ఇక ఆయన ఉత్తరాలు. యంత్రం కొలతలు ఎర్రగీత దాటితేనే విమానాన్ని ఆపే అధికారం ఫోర్‌మన్‌కుంటుంది. ఎర్రగీత దగ్గరికొస్తే రాసి పంపడం వరకే. మీరుగారు రాసేవాడు. అయితే తన పేరుమీద కాదు, విమానం పేరుమీద. ఒకటి నాకింకా గుర్తే.

"పెద్దలకు ఏడో నంబరు విమానం రాసుకొన్న విన్నపం. అయ్యా, నాకు నలభై ఒకటో ఏడు నడుస్తోంది. నా ఈడువాళ్ళు మ్యూజియం గేటు ముందు నిలబడి పిల్లలతో ఫోటోలు దిగుతున్నారు. నేనింకా ఉద్యోగం చేస్తున్నాను. ఎడమ ఇంధన పంపు వేడెక్కితే గొంతు పూడుకుపోతోంది. మొన్న మంగళవారం పీడనం రెండు గీతలు తగ్గింది. కొత్త పంపు ఇప్పించండి, లేదా నన్నూ ఆ గేటు ముందు నిలబెట్టండి. మూతి ముడుచుకుని నిలబడను, ఫోటోలకి నవ్వుతాను."

కమాండరు ఆఫీసు గుమాస్తా ఇది పైకి చదువుతుంటే మేం బల్లలు గుద్ది నవ్వాం. ఉత్తరం కవర్లో పడి ప్రధాన కార్యాలయానికి పోయింది. పంపు మాత్రం రాలేదు. నెల తిరిగేసరికి ఇంకో ఉత్తరం. అలా పదకొండు రాశాడు.

ఒక బుధవారం ఉదయం పదింటికి ఏడో నంబరు లేచింది. నేల మీద కొలతలు ఎర్రగీతకి లోపలే ఉన్నాయి. ఇరవై నిమిషాలకి ఇంజిన్ ఆగిపోయింది. ఆ అమ్మాయి విమానాన్ని ఇళ్ళ వైపు నుంచి తిప్పి, బీడుభూమి మీదికి తెచ్చాక సీటుతో సహా బయటికి దూకింది. విమానం బీట్లో పడి కాలిపోయింది. కింద ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మాయి పారాచూట్‌తో ఒక గడ్డివాములో దిగబడింది. భుజం విరిగింది. గడ్డివాము యజమాని నిచ్చెన వేసి దింపుతుంటే, "పెద్దమ్మగారు ఎక్కడ పడ్డారు?" అని అడిగిందట. ఇందులో ఇంకొక మనిషి కూడా ఉందనుకుని, ఆయన పాపం గంటసేపు పొలాలన్నీ వెతికాడు.

ఆ మాట వింటే మీరుగారు నవ్వుతాడనుకున్నాం. నవ్వలేదు. మూడురోజులు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు, యంత్రాలతో కూడా. ఎత్తు దగ్గర బస్సు మూలిగినా లేవలేదు. పద్దెనిమిది మందిమీ కూచునే ఎత్తెక్కాం. ఎవరికీ సుఖంగా అనిపించలేదు.

నాలుగోరోజు కబురొచ్చింది. పంపు కాలి ముద్దయిపోయింది, అందులో చూడ్డానికేమీ లేదు. అమ్మాయి ఇంజిన్ వేగం మార్చే లీవర్‌ని ఒక్కసారిగా వెనక్కి లాగడం వల్లే ఇంజిన్ ఆగిపోయిందని ప్రధాన కార్యాలయం అనుమానం. అదే ఖాయమైతే ఆ పిల్ల ఇక జన్మలో విమానం ఎక్కదు.

విచారణ మా ఆఫీసు పెద్దగదిలో పెట్టారు. విచారణాధికారి, ప్రధాన కార్యాలయం తరఫున ఒక అధికారి, ఆ కార్యాలయంలోనే పనిచేసే యాభై ఏళ్ళ టైపిస్టు. అమ్మాయి భుజానికి కట్టుతో మూల కుర్చీలో కూచుంది. సాక్షిగా నేనూ ఉన్నాను. మీరుగారిని పిలిచారు.

"ఆ ఉదయం మీరేం గమనించారు?" అని అడిగాడు విచారణాధికారి.

"వారికి కాస్త నలతగా ఉంది."

"పైలట్‌కి ఒంట్లో బాలేదా? మరెందుకు ఎగరనిచ్చారు?"

"పిల్ల శుభ్రంగా ఉంది. నలత వారికి."

"వారంటే?"

"పెద్దావిడ."

విచారణాధికారి కాగితాలు గబగబా తిరగేశాడు. "విమానంలో రెండో మనిషి ఉన్నట్టు ఎక్కడా లేదే!"

టైపిస్టు చేతులు ఆగిపోయాయి. నేను లేచి, పెద్దావిడంటే విమానమే అని విడమరిచి చెప్పాను. విచారణాధికారి నీళ్ళు తాగి, "సరే. ఆ నలత సంగతి మీరు ముందుగా ఎవరికైనా చెప్పారా?" అన్నాడు.

"పదకొండుసార్లు రాశాను."

"మాకలాంటి హెచ్చరికేదీ అందలేదు. ఫైల్లో ఒక్క కాగితం లేదు" అన్నాడు ప్రధాన కార్యాలయం అధికారి.

మీరుగారు సంచిలోంచి కార్బన్ కాపీలు తీసి, ఒకటి పైకి చదవడం మొదలుపెట్టాడు. మ్యూజియం గేటు, ఫోటోలు, గొంతు పూడుకుపోవడం. ఆ గదిలో అది నవ్వు తెప్పించలేదు. నాకే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇది హెచ్చరికా, నాటకమా? పైగా దీన్ని నువ్వు నిన్న కూచుని రాయలేదని నమ్మకమేమిటి?" అన్నాడు ఆ అధికారి.

మీరుగారు కాగితాలు మడవసాగాడు. అమ్మాయి తల వంచుకుంది. అప్పుడు టైపిస్టు చిన్నగా దగ్గింది.

"సార్, ఏమీ అనుకోకండి. ఆయన ఒక లైను వదిలేశారు."

"ఏ లైను?"

"'గొంతు పూడుకుపోతోంది' తర్వాత, 'మొన్న మంగళవారం పీడనం రెండు గీతలు తగ్గింది' అని ఉండాలి సార్."

మీరుగారు కాగితం విప్పి చూసుకున్నాడు. "అవునమ్మాయ్. కళ్ళజోడు తేలేదు, లైను దాటిపోయింది."

"మీకెలా తెలుసు?" అని విచారణాధికారి టైపిస్టు వైపు తిరిగాడు.

"మా టైపింగు గది గోడకి అంటించుకున్నాం సార్. పదకొండూ ఉన్నాయి. పని ఎక్కువై బుర్ర వేడెక్కితే అందరం చదువుకుంటాం. నాకైతే నాలుగోదీ ఎనిమిదోదీ కంఠతా వచ్చు." ఆవిడ తన అధికారి మొహం చూసి గొంతు తగ్గించింది, కానీ మానలేదు. "మీరు పారెయ్యమన్నవే సార్. నవ్వొచ్చేవి కదా, పారెయ్యబుద్ధి కాలేదు. అందినట్టు తేదీ ముద్ర కూడా వేశాం."

సాయంత్రానికి జీపులో గోడమీది ఉత్తరాలొచ్చాయి. మూలలకి జిగురు, ఒకదానిమీద కాఫీ కప్పు మరక, అన్నిటిమీదా ముద్ర. ప్రతి ఉత్తరంలోనూ, నవ్వుల మధ్యలో, తేదీ, పంపు నంబరు, పీడనం కొలత ఉన్నాయి. పదకొండూ వరసగా పేరిస్తే ఒక పంపు నెలనెలా ఎలా చచ్చిపోయిందో చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. తప్పు అమ్మాయిది కాదని తేల్చారు. మిగతా అయిదు విమానాల్నీ ఆ వారంలోనే ఎగరకుండా ఆపేశారు.

ఇంటికి నడుస్తూ అడిగాను. "కావాలనే అలా రాశారా?"

"మొదటి తొమ్మిదీ మామూలుగానే రాశానురా. పదకొండు కాదు, లెక్కేస్తే మొత్తం ఇరవై. ఆ తొమ్మిదీ ఎటు పోయాయో దేవుడికే తెలియాలి. ఒకరోజు విసుగొచ్చి పెద్దావిడే రాసినట్టు రాశాను. మర్నాడు ప్రధాన కార్యాలయం నుంచి ఎవరో ఫోన్ చేసి, నవ్వి నవ్వి, ఇంకోటి రాయమన్నారు. పంపు ఇవ్వరని అప్పుడే అర్థమైంది. కానీ కాగితం దాచుకుంటారని కూడా అర్థమైంది. రేపేదైనా జరిగితే ఈ పిల్లల నెత్తిన రుద్దుతార్రా. ఎక్కడో ఒకచోట ఒక్క కాగితమైనా బతికుండాలి కదా."

"మరి ఈ మీరు, అండీ, పలకరింపులు?"

"నలభై ఏళ్ళ విమానం ఎక్కుతున్న పిల్లకి నువ్వు ధైర్యం చెప్తే ఇంకా భయపడుతుంది. నవ్వితే ఊపిరి కుదుటపడుతుంది."

"బస్సుకి కూడానా?"

"బస్సుకి మర్యాదే. నిజంగా పెద్దవారు."

ఆ తర్వాత రెండునెలలు ఆయన సాయంత్రాలు ఇంటి దగ్గర దొరకలేదు. మా పిల్లల జామెట్రీ పెట్టెలోంచి కోణమానిని ఒకటి తీసుకుని పైలట్ల క్వార్టర్స్‌కి పోయి, అమ్మాయి భుజం ఎంతవరకు లేస్తోందో కొలిచి రాసుకునేవాడు. మళ్ళీ ఎగరొచ్చో లేదో తేల్చడానికి అమ్మాయిని డాక్టర్ల బోర్డు ముందుకి పిలిచిన రోజు ఆమె చేతిలో ఒక కవరు పెట్టాడు. "అయ్యా, నేను ఈ పైలట్ కుడి భుజాన్ని. నా వయసు ఇరవై ఆరే. మొదటి వారం నలభై డిగ్రీలు లేచాను, ఎనిమిదో వారం నూట డెబ్భై అయిదు. కింద కూచోబెడితే పాడైపోతాను" అంటూ రెండు పేజీలు.

మధ్యాహ్నం అమ్మాయి పరిగెత్తుకుంటూ షెడ్డులోకి వచ్చింది. "ఇంకా ఏమీ చెప్పలేదు. వచ్చేవారం చెప్తామన్నారు" అంది దిగాలుగా.

"ఉత్తరం ఇచ్చావా?"

"ఇచ్చాను. పెద్ద డాక్టరు చదివి చాలాసేపు నవ్వాడు. పక్కవాళ్ళకి కూడా చదివి వినిపించాడు. తిరిగిమ్మంటే ఇవ్వలేదు, జేబులో పెట్టుకున్నాడు."

మీరుగారు స్పానర్ తుడిచి పక్కన పెట్టాడు.

"జేబులో పెట్టుకున్నాడా? అయితే పని అయినట్టే. నువ్వెళ్ళి అన్నం తిను."