మామయ్య హస్తవాసి

బండ్లకు రంగులేసే ఆ షెడ్డులో ఏ పని పూర్తయినా మామయ్య వచ్చి దాని మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "ఊఁ, ఇక అయినట్టే" అంటేనే అయినట్టు. తన హస్తవాసి మీద ఆయనకు అంత నమ్మకం. తుప్పు గీకేవాళ్ళ చేతుల మీద మాత్రం ఎప్పుడూ అనుమానమే.

గీకేది కోడలు. మొగుడు లారీ తోలుతూ ఊళ్ళు తిరుగుతాడు గనక ఆమె మామగారికి సాయం. సాయమంటే ఆయన కుర్చీలో కూర్చుని చెప్పడం, ఈమె చెయ్యడం. అన్నట్టు, ఆయన కుడిచేతి చిటికెన వేలు కొడవలిలా బయటికి వంగి ఉంటుంది. ఇంజను ఎత్తుతుంటే విరిగిందంటాడు ఆయన. బీరువా తలుపులో నలిగిందంటుంది అత్తగారు, అడగనివాళ్ళతో కూడా.

ఎండాకాలం చివర్లో ఒక ముసలి ట్రాక్టరు రంగు కోసం వచ్చింది. దాని బానెట్టు మీద రంగు కంటే తుప్పే ఎక్కువ. స్ప్రేగన్ను తన చేతికివ్వమని కోడలు ఏడాదిగా అడుగుతోంది. మామయ్య గడ్డం నిమురుకుని, అదేదో రాజ్యం రాసిచ్చేవాడిలా ఒప్పుకున్నాడు. నాలుగు వానలు పడ్డా ఈ ట్రాక్టరు మీద ఒక్క మచ్చ రాకపోతే ఆ తరవాతి బండి నుంచి గన్ను ఆమెదే. మచ్చ వచ్చిందో, ఇక షెడ్డు గడప తొక్కకూడదు.

ఆమె ఆరు రోజులు దానితో కుస్తీ పట్టింది. సబ్బునీళ్ళతో జిడ్డు వదిలించింది. పెచ్చులు గీకి, వైరుబ్రష్షుతో తోమి, ముతక ఎమరీ కాగితం, ఆపైన సన్నది పట్టించింది. తుమ్మితే తుప్పు, దిండు మీద తుప్పు. ఆరో రోజు పొద్దున ఇనుము కొత్త గిన్నెలా తేలింది. గాలి తగిలితే మళ్ళీ తుప్పు మొదలవుతుంది, రంగుకు ముందు వేసే ప్రైమరు పూత వెంటనే పడాలి. థిన్నరు గుడ్డతో తుడిచి, ఆమె రెడాక్సైడు ప్రైమరు కలపడానికి అటు తిరిగింది.

కలిపి ఇటు తిరిగేసరికి మామయ్య. అప్పుడే తలకు నూనె పట్టించుకున్నాడు. అరచెయ్యి బానెట్టు మీద ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"మామయ్యా, చేతికి నూనె ఉంది, నూనె మీద రంగు పట్టదు. అక్కడ మళ్ళీ తుడుస్తాను."

"నా చెయ్యి పడ్డచోట తుడుస్తావా? ఈ చెయ్యే కదమ్మాయ్ ఇంతమందికి అన్నం పెట్టింది."

ఆమె గుడ్డ అందుకునేలోగా ఆయన గన్ను తీసుకుని ప్రైమరు కొట్టేశాడు. రెండు రోజులు ఆరనిచ్చి ఎర్రరంగూ తానే వేశాడు. ట్రాక్టరు ధగధగలాడుతూ వెళ్ళింది. వీధిలో ఎవరు మెచ్చుకున్నా అది తన హస్తవాసేనన్నాడు. గీకుడు సంగతి ఆయన నోట రాలేదు.

నాలుగు వానలు పడ్డాయి. ట్రాక్టరాయన బండి వెనక్కి తెచ్చి, బానెట్టు మీద పొక్కి పెచ్చులూడిన చోటు చూపించాడు. మామయ్య కుర్చీలోంచి లేవకుండానే తీర్పు చెప్పాడు. ఆడపిల్ల గీకిందట, తుప్పు అడుగునే ఉండిపోయిందట, రేపటి నుంచి ఆమె రాదట.

కోడలు బానెట్టు దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. పెచ్చు ఊడినచోట ఒక అరచెయ్యి, నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు. అందులో చిటికెన వేలు బయటికి వంగి ఉంది.

"మామయ్యా, మీ చెయ్యి ఒక్కసారి ఇక్కడ పెట్టండి."

మామయ్య చెయ్యి జేబులోకి పోయింది. ట్రాక్టరాయన ఆ మచ్చనూ ఆ జేబునూ మార్చి మార్చి చూశాడు. అత్తగారు గుమ్మంలోంచి, "బీరువా తలుపే" అంది.

"మళ్ళీ గీకి వెయ్యండి. ఈసారి అమ్మాయే వెయ్యాలి, మొదటి నుంచి చివరి దాకా," అన్నాడు ట్రాక్టరాయన.

మామయ్యకు ఆ సాయంత్రమే భుజం నొప్పి వచ్చింది, గన్ను పట్టలేనంత. ఇప్పుడు బండ్లు తెచ్చేవాళ్ళతో, కోడలికి పని నేర్పింది తానేనని చెబుతుంటాడు. ఆమె కాదనదు. ఆయన గీకిన పచ్చి ఇనుము దగ్గరికి వస్తే మాత్రం ఒకసారి దగ్గుతుంది. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, దూరం నుంచే "ఊఁ, ఇక అయినట్టే" అంటాడు.