అత్తమ్మ మెడలో సెంటుసీసా

పెళ్లయి లక్సెట్టిపేటకు వచ్చిన రెండో ఏడు, గాజుముక్కలు కరిగించి నగలు చేయడం నేర్చుకుని చిన్న కరెంటు బట్టీ కొన్నాను. నాకు కావలసిన నీలం గాజు మాత్రం ఎక్కడా దొరకలేదు. మామయ్య దుబాయి నుంచి తెచ్చిన నీలం సెంటుసీసా పదేళ్లుగా షోకేసులో ఖాళీగా మెరుస్తోంది. అత్తమ్మ ఊళ్లో లేని రోజు దాన్ని పగలగొట్టి బట్టీలో పెట్టేశాను.

"పిల్లి పడగొట్టింది అత్తమ్మా, పెంకులు ఎత్తిపోసిన" అన్నాను. పాపం, వారంపాటు పిల్లికి పాలు బందయ్యాయి.

మనసు ఊరుకోక, చేసిన లాకెట్‌ను అత్తమ్మకే ఇచ్చాను. మురిసిపోయి, మెట్‌పల్లిలో తన తోడికోడలి ఇంట్లో నిశ్చితార్థానికి వేసుకొచ్చింది. ఆ పెద్దత్తమ్మ లాకెట్‌ను వెలుగులో పట్టి చూసింది.

"ఏందే చెల్లె, గీ పువ్వు మీ సెంటుసీస మీద ఉండె గదా?"

సీసా మీది ఉబ్బెత్తు పువ్వు పూర్తిగా కరగలేదు! అత్తమ్మ నావైపు ఓసారి చూసింది.

"గసొంటి పువ్వులు మస్తుంటయ్ అక్కా!"

తిరుగు బస్సులో అత్తమ్మ సంచిని ఒళ్లో గట్టిగా పట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాకు పుట్టింటి దారి కనిపించింది. ఇంటికి రాగానే తలుపేసి, తన సంచిలోంచి ఆకుపచ్చ సెంటుసీసా తీసింది.

"అక్క షోకేసులది. జర కమ్మలు చేసియ్యి. వాళ్లింట్ల సుత పిల్లి ఉన్నది."

ఇప్పుడు చుట్టాలింటికి వెళ్తే మేమిద్దరం ముందు షోకేసు చూస్తాం, తర్వాత పిల్లిని వెతుకుతాం.