ఆకులు కుట్టే చీమలు, మా తోడికోడలు

మా తోడికోడలు ఇప్పుడు తన మనవరాళ్లకు అండమాన్ చీమల కథ చెబుతోంది. ఈ మధ్య సోలాపూర్ పక్కనున్న కుంభారిలో వాళ్ల కొత్త ఇంటికి వెళ్లినప్పుడు, గుమ్మం బయట చెప్పులు విడుస్తూ నేను చెవులారా విన్నాను. ఆ కథలో చెట్టు ఉంది, చీమలు ఉన్నాయి, చీమలు నోట కరిచి పట్టుకున్న పిల్లలు ఉన్నాయి, ఆ పిల్లల నోటి నుంచి వచ్చే దారం కూడా ఉంది. పుస్తకం లేదు. ఆ పుస్తకం చదివి వినిపించిన మనిషి అసలే లేదు. ఆ రోజు పక్కనే కూర్చుని విన్న అవ్వ పోయింది. ఎదురింటి వదినకు ఇప్పుడు నిన్నటి సంగతే గుర్తుండటం లేదు. నేను రాసి పెట్టకపోతే మా తోడికోడలు చెప్పిందే నిజమై నిలిచిపోతుంది. అందుకే రాస్తున్నాను.

ఎనభైల చివరి మాట. సోలాపూర్‌లో మేమున్న చాళీలో, అదే ఒక వరసగా కట్టిన కూలీల ఇళ్లలో, మగవాళ్లు పవర్‌లూమ్‌ల మీదికి పోగానే ఆడవాళ్లం రేకుల పంచలో చేరి, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. పక్క షెడ్డులో మగ్గాల చప్పుడు ఆగేది కాదు. ఆ చప్పుడును మించి గొంతెత్తి నేను పుస్తకం చదివేదాన్ని. మా పంచలో అదొక పద్ధతి. చదివే మనిషికి రెండు చేతులూ పుస్తకానికే సరిపోతాయి కాబట్టి, చదవడం ఆపాక ఒక్కొక్కరూ తాము చుట్టిన వాటిలోంచి పిడికెడు తీసి నా చాటలో వేసేవారు. వాటికి ‘చదువు బీడీలు’ అని పేరు పెట్టింది ఎదురింటి వదినే. వాటితో నా వంతు మాల్, అంటే రోజూ కంపెనీకి అప్పజెప్పాల్సిన బీడీల లెక్క, పూర్తయ్యేది. మాల్ తగ్గనంత వరకు మా అత్త పుస్తకం జోలికి వచ్చేది కాదు.

నేను బడిలో చదివింది నాలుగో తరగతి. మిగతాదంతా లైబ్రరీయే చదివించింది. కొంతం చౌక్ దాటి వెళితే తెలుగు పుస్తకాలుండే చిన్న చదువుల గది ఉండేది. ఆడవాళ్లెవరూ అక్కడికి వచ్చేవాళ్లు కారు. నేను కొంగు భుజం చుట్టూ కప్పుకుని, తలెత్తుకునే వెళ్లేదాన్ని. తెలుగు పుస్తకాలు అయిపోయాక మరాఠీవి పట్టాను. మరాఠీలో చూస్తూ తెలుగులో చదవడం నాకు తప్ప మా చాళీలో ఎవరికీ రాదు. మా ఆయనకు కూడా రాదు.

ఆ మరాఠీ పుస్తకాల్లోనే అండమాన్ దొరికింది. అక్కడి అడవులు, పిట్టలు, పురుగుల గురించిన పుస్తకం అది. పేరులో ‘బేట్’ అని ఉంది.

“బేట్ అంటే ఏందే?” అని అడిగింది అవ్వ. మా పంచలో అందరికంటే పెద్దది.

“చుట్టూ నీళ్లు, నడిమిట్ల భూమి అవ్వా.”

“గట్ల జెప్పు. లంక అను.”

“సీతమ్మను పెట్టిన లంకనా?” అంది వదిన. “రావణాసురునికి పది నోళ్లు గద, ఒక్కో నోటికి ఒక్కో బీడీ పెడితే మన మాలంతా ఆడనే అమ్ముడువోతది.”

నవ్వులాటగా మొదలైనా, తర్వాత తర్వాత వాళ్లే అడిగి చదివించుకున్నారు. ఉప్పునీటి బురదలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీల్చే మడ చెట్లు, కొమ్మల మీదే వేళ్లూని పూసే పూలు. మా వాడలో చెట్టంటే చాళీ వెనక వేపచెట్టొక్కటే. ఆ దీవిని నేను నాదే అనుకున్నాను. మా పంచలో దాని పొలిమేర తెలిసింది నాకొక్కదానికే.

అప్పుడు మా తోడికోడలు తిరిగి వచ్చింది. ఆమె ఉండి వచ్చింది ఆ దీవిలోనే.

మా మరిది పనిచేసే కార్ఖానా మూతపడితే, ఇళ్లు కట్టే ఒక మేస్త్రీ వెంట అండమాన్ వెళ్లాడు. పెళ్లాన్ని కూడా తీసుకెళ్లాడు. తనను కాళాపాణికి పంపుతున్నారని ఆమె స్టేషన్‌లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పటికి ఆ పుస్తకం నా చేతికి రాలేదు, లేకపోతే ఆమె మూట నేనే లాక్కుని రైలెక్కేదాన్ని. రెండేళ్లు అక్కడే ఉంది. నల్లబడి, ఒళ్లు చేసి, ట్రంకు పెట్టె నిండా గవ్వలతో వచ్చింది. చదువు రాదు. పుస్తకంలో బొమ్మను తలకిందులుగా పట్టుకుని చూసేది.

మొదటి రోజు అందరూ ఆమెను చుట్టుముట్టారు. కొత్త ముచ్చట, రెండు రోజులు పోతే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఆమె చేతులు ఆకు చుడుతూనే ఉండేవి, నోరు చెబుతూనే ఉండేది.

“ఆడ పావురాలు పచ్చగుంటయ్ అవ్వా.”

“పచ్చ అంటే పసుపుపచ్చనా, ఆకుపచ్చనా?” అని నేనే అడిగాను. తప్పు దొరుకుతుందేమోనని.

“ఆకుపచ్చనే అక్కా. ఆకులల్ల కూసుంటే కండ్లకే ఆనవు.”

నేను పుస్తకం తిరగేశాను. ఉంది. ఆకుపచ్చ పావురం, చెట్ల మీదే ఉంటుంది, పండ్లు తింటుంది, నేల మీదికి దిగడం తక్కువ. అంతా సరిగ్గా ఉంది.

“ఉన్నదానే?” అని అడిగింది అవ్వ.

“ఉన్నట్టే ఉంది,” అన్నాను.

“మస్తు రుచి గూడ,” అంది మా తోడికోడలు. “పక్క క్వార్టరోళ్లు కొట్టుకొస్తే మిరియాలేసి వండిన.”

నేను పేజీలో వేలు పెట్టి వెతుక్కున్న పిట్టను ఆమె కూర వండుకుని తిన్నది!

ఆమె చెప్పిన ప్రతి మాటా ఇంటికి వెళ్లి పుస్తకంతో సరిచూసేదాన్ని. నిజమైతే అన్నం సయించేది కాదు. అబద్ధమైతే కడుపు నిండేది. ఒడ్డున మొగలి పొదలు, అననాస్ లాంటి మొగలి పండ్లు అంది, నిజమే. పులి అరుపు విన్నానంది. ఆ రోజు నేను ఊరుకోలేదు. ఆ దీవుల్లో పులి లేదని రాసి ఉన్న పేజీ తెరిచి గట్టిగా చదివాను.

“పుస్తకం రాసినోడు నిద్రవొయినప్పుడు అరిసిందేమో తియ్,” అంది అవ్వ. అందరూ నవ్వారు.

ఆ నవ్వు మీదే వదిన అనకూడని మాట అనేసింది. “చూడుండ్రి, చిన్నది చెప్పుకుంటనే చుడుతున్నది. పుస్తకమైతే రెండు చేతులు గావాలె. దీనికి నోరొక్కటే చాలు. ఇగ చదువు బీడీలు ఎవలకెయ్యాలె?”

ఆ సాయంత్రం నా చాటలో ఎవరూ ఏమీ వేయలేదు. మరునాడూ వేయలేదు. నా మాల్ అంతా నేనే చుట్టుకోవాల్సి వచ్చింది. చుడుతూ చదవలేను. పొద్దున నీళ్లు, వంట, పొద్దూకితే పిల్లలు. నా చదువుకు ఉన్నది ఆ మధ్యాహ్నమే. అది పోతే లైబ్రరీ పోయినట్టే, పుస్తకం మూసినట్టే. పుట్టి బుద్ధెరిగి ఒక్క అక్షరం ఎరుగని మనిషి, వద్దంటూ ఏడ్చి వెళ్లిన మనిషి, నా దీవిని చూసి రావడమే కాక నా చదువు కూడా పట్టుకుపోతోంది.

లైబ్రరీకి వెళ్లి గడువు పెంచమని అడిగాను. ఆ పుస్తకంలో పురుగుల అధ్యాయం చివర ఉంది. ఇంకా అక్కడికి రాలేదు. ఇంట్లో రెండు మూడు సార్లు చదువుకుని, మాటలు తెలుగులో సరిచూసుకుని, తర్వాతి మధ్యాహ్నం ఎవరూ అడగకుండానే చాట పక్కన పెట్టి పుస్తకం తెరిచాను.

“విణకర్ ముంగ్యా,” అని చదివాను. “అంటే నేత చీమలు.”

“నేతనా? సాలోళ్ల చీమలన్నట్టు,” అంది అవ్వ. “మనోళ్లే పో.”

వరుసగా నిలబడి ఒక ఆకు అంచును కరిచి పట్టుకుంటాయని, రెండో ఆకు అందకపోతే ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసు కడతాయని, రెండు అంచులూ కలిశాక దారంతో అతికి ఇల్లు చేసుకుంటాయని చదివాను.

వదిన కత్తెర ఆపింది. “ఆగాగు. ఆకు మలుసుడు, దారం గట్టుడు. ఇండ్ల నేత ఏడున్నదే? అవి చేసేది బీడీలే గదా!”

“మరి తంబాకు ఏదే?” అంది అవ్వ.

“కంపినోడు ఇంకా ఇయ్యలేదేమో.”

“నేతని రాసిండంటే రాసినోడు మొగోడే అయ్యుంటడు. పని చేసేది ఆడోళ్లు, పేరు మగ్గానికి,” అంది అవ్వ.

పంచంతా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు నా వైపు తిరిగి వచ్చింది. నవ్వు ఆగాక అవ్వ అడిగింది.

“సరే గని, దారం ఏడికెళ్లి తెస్తయే?”

ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. “పిల్లల నోట్లకెళ్లి అవ్వా,” అని చదివాను. పెద్ద చీమ దగ్గర దారం ఉండదు. కాళ్లు లేని, కళ్లు లేని దాని తెల్లటి పిల్ల నోట్లో ఉంటుంది. పెద్ద చీమ ఆ పిల్లను కరిచి పట్టుకుని, దాని మూతిని ఈ ఆకు అంచుకు ఒకసారి, ఆ ఆకు అంచుకు ఒకసారి తాకిస్తూ, మగ్గంలో నాడె ఆడించినట్టు అటూ ఇటూ ఆడిస్తుంది. దారం పిల్లది, పని పెద్ద చీమది.

మా అందరి పిల్లలూ బడి నుంచి వచ్చి బీడీల మూతులు ఒత్తేవాళ్లే.

మా తోడికోడలు చేతులు ఆగిపోయాయి. ఆమె చేతులు ఆగడం అదే మొదటిసారి చూశాను.

“ఆ పిల్లలు తెల్లగుంటయా అక్కా? బియ్యం గింజ లెక్క?”

“అట్లనే రాసి ఉంది.”

“మా క్వార్టర్ ముంగట చెట్టు మీద మస్తుండె. ఎర్ర చీమలు, నోట్లె తెల్లగ. బియ్యం ఎత్తుకవోతున్నయనుకున్న. రోజు డబ్బా మూత గట్టిగ వెట్టేదాన్ని.” మళ్లీ తనే అంది. “ఆయనతోని ఆ కొమ్మ కొట్టిపిచ్చిన.”

వదిన పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రెండేళ్లు గడప ముందే ఆ నేత జరిగింది. దాన్ని చూసే భాగ్యం దేవుడు ఈమెకే ఇచ్చాడు. ఈమె డబ్బా మూత బిగించుకుంది! అక్కడ నేనుంటే వంట మాడినా ఆ కొమ్మ కింది నుంచి కదిలేదాన్ని కాదు.

మా తోడికోడలు తన చాటలోంచి పిడికెడు బీడీలు తీసి నా చాటలో వేసింది.

“చదువక్కా. ఇంక ఏమేం చూసిన్నో నేను.”

ఆమె వేశాక అందరూ వేశారు. చదువు బీడీలు తిరిగి వచ్చాయి, నా మధ్యాహ్నం నాకు దక్కింది. మా అత్త కూడా గొణగడం మానేసింది. కానీ ఆ రోజు నుంచి నేను ఒక వాక్యం చదవగానే అందరి తలలూ ఆమె వైపు తిరిగేవి. “నిజమేనా చిన్నీ?” ఆమె తలాడిస్తే నా వాక్యం చెల్లేది. చదివేది నేను, ముద్ర వేసేది ఆమె.

పుస్తకంలో ఒక్కచోట మాత్రం ఆమె ముద్ర పడలేదు. సముద్రపు గుహల్లో చీకట్లో తమ ఉమ్మితో గూడు కట్టుకునే చిన్న పిట్టలున్నాయి. ఆ గూళ్ల కోసం మనుషులు ప్రాణాలకు తెగించి నిచ్చెనలెక్కుతారు. అందరూ ఆమె వైపు చూస్తే, “నేను చూడలే,” అంది. ఆ కొద్ది పేజీలు నేను ఎన్ని మధ్యాహ్నాలు చదివానో! ఒక్కో వాక్యం రెండుసార్లు చదివాను. మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి.

ఇక కృతజ్ఞతలు. పేర్లు రాయను. రాస్తే ఎవరి పేరు ముందు వచ్చిందని మా వాడలో మళ్లీ పంచాయితీ అవుతుంది. గడువు దాటినా పుస్తకం అడగని లైబ్రరీ పెద్దాయనకు, అడగాల్సిన ప్రశ్న అడగాల్సిన చోట అడిగిన అవ్వకు, నా నోటి కూడు తీసి, నవ్వించి మళ్లీ పెట్టిన ఎదురింటి వదినకు, చూసీ చూడనట్టున్న మా అత్తకు, ఈ కాగితాల్లో నా ఒత్తులు దిద్దిన మా చిన్నమ్మాయికి నా నమస్కారాలు. మా తోడికోడలికి కూడా. అండమాన్ వెళ్లి వచ్చినందుకు కాదు, అందుకు ఇప్పటికీ నేను ఆమెను మెచ్చుకోలేను. చీమపిల్లలను చూసి బియ్యం గింజలనుకున్నందుకు. సరిగ్గా తెలుసుకుని వచ్చి ఉంటే నేను చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు.