ముందు మెట్లు, తర్వాత మిద్దె

మల్లీశ్వరి ఇంట్లో పొద్దున్నే ఆమెకంటే ముందు నొప్పి లేస్తుంది. వేళ్ల కణుపులు, మణికట్లు, మోకాళ్లు ఎవరో తాడేసి బిగించినట్టు ఉంటాయి. మంచం మీదే కూర్చుని వేళ్లను మెల్లగా మడుస్తూ చాపుతూ, గోరువెచ్చని నీళ్లలో చేతులు నానబెట్టుకుని, చివరికి టీ గ్లాసు పట్టుకోగలిగితే అప్పుడు ఆమెకు తెల్లవారినట్టు. అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ దీన్ని కీళ్లవాతం అంది. పూర్తిగా పోయే జబ్బు కాదు, మందులు మానితే మాత్రం కీళ్లు వంకరపోతాయి అని చెప్పింది. మల్లీశ్వరి ఏనాడూ మానలేదు.

జబ్బు రాకముందు ఆమె వేరుశనగ చేలలో కూలికి పోయేది. కాయ పెరకడంలో ఊళ్లో ఆమెతో సమానంగా సాలు పట్టేవాళ్లు తక్కువ. పిడికిలి మూసుకోవడం కష్టమయ్యాక కూలి మానేసింది. భర్త తిప్పేస్వామి బోర్లు వేసే లారీ మీద పనిచేస్తాడు. ఆ లారీ ఒకసారి కదిలిందంటే కర్ణాటక, మహారాష్ట్ర తిరిగి నెలల తర్వాత గానీ ఇంటిముఖం పట్టదు. కూర్చుని చేసే పని ఏదో ఒకటి ఉండాలని ఇద్దరూ ఆలోచించి, ముందుగదిలో పిండి మిషన్ పెట్టుకున్నారు. బత్తలపల్లె మండలంలోని ఆ చిన్న ఊరికి అదొక్కటే మిషన్. రాగులు తెచ్చినా జొన్నలు తెచ్చినా ఎవరి గింజలు వాళ్లే ఎత్తి పోసుకోవాలి. మల్లీశ్వరి పక్కన కుర్చీలో కూర్చుని స్విచ్ వేస్తుంది, రాళ్ల బిగువు చూస్తుంది, పిండిని వేళ్ల మధ్య నలిపి ఇంకా సన్నం కావాలో చాలునో చెబుతుంది.

ఇల్లు పాత మట్టి మిద్దె. దూలాల మీద బండలు, బండల మీద మట్టి, ఆపైన నీళ్లు దిగకుండా చౌడు మన్ను. ఎండాకాలంలో ఫ్యాను లేకున్నా లోపల చల్లగానే ఉంటుంది. కానీ ఏటా వానలకు ముందు ఎవరో ఒకరు పైకెక్కి, కొట్టుకుపోయిన చోట కొత్త చౌడు పరిచి చెక్కతో అణగగొట్టాలి. ఒకప్పుడు ఆ పని మల్లీశ్వరిదే. నిచ్చెన ఎక్కడం మానేసినప్పటి నుంచి తన నెత్తిమీద ఏముందో ఆమెకు తెలియదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం గాలీ వానా కలిసి వచ్చాయి. ఎప్పుడూ వానకు మొహంవాచిన ఆ నేలమీద చినుకు పడితే ఎవరూ ఇంట్లో ఉండరు. జనమంతా అరుగుల మీదికి వచ్చి నిలబడ్డారు. మల్లీశ్వరి మాత్రం మిషన్ గదిలో పైకి చూస్తూ ఉండిపోయింది. బండల సందులోంచి ఎర్రటి నీళ్లు కారి తిన్నగా మోటారు మీద పడుతున్నాయి. లేచి గోడ పట్టుకుని నడిచి మెయిన్ ఆపేలోపు మోటారు తడిసి ముద్దయింది.

మరునాడు కరెంటు పనివాడు వచ్చి మోటారు విప్పి ఆరబెట్టాడు. "ఈసారికి బతికింది. మల్లా తడిస్తే కాలిపోతాది. గోడ చెమ్మగా ఉన్నప్పుడు స్విచ్ ముట్టుకోవాకమ్మా, షాకు కొడతాది" అని చెప్పిపోయాడు.

మల్లీశ్వరి బేల్దారి ఓబిలేష్‌ను పిలిపించింది. బేల్దారి అంటే ఆ పక్క తాపీ మేస్త్రి. అతను చెడ్డవాడేమీ కాదు. చేతిలో ఎప్పుడూ నాలుగైదు ఇళ్ల పని ఉంటుంది, అంతే. నిచ్చెనేసుకుని ఎక్కి, కారుతున్న చోటికి నేరుగా పైన రెండు గంపల మన్ను పోసి, దిగొచ్చి, "అయిపాయ అక్కా. ఇంగ భయం ల్యా" అన్నాడు. తర్వాతి వానకు మళ్లీ కారింది. మళ్లీ ఎక్కాడు, మళ్లీ మన్ను పోశాడు, మళ్లీ అదే మాట అన్నాడు. మూడో వానకు ధార ఇంకా లావైంది.

మోటారు కాలిపోతుందన్న భయంతో మల్లీశ్వరి దానిమీద పట్టా కప్పి మిషన్ ఆపేసింది. ఆడవాళ్లు రాగుల సంచులు మోసుకుని ఆటోల్లో బత్తలపల్లెకు పోవడం మొదలుపెట్టారు. మల్లీశ్వరి గుమ్మంలో కూర్చుని వాళ్లు పోవడం చూసేది. ఆ దిగులు ఆమెను కీళ్లనొప్పి కంటే ఎక్కువ బాధపెట్టింది.

తిప్పేస్వామి ఫోన్ చేసినప్పుడు విషయం చెప్పింది.

"రొంత ఓపిక పట్టు మల్లీ. దసరాకు వచ్చినప్పుడు నేనే ఎక్కి చూస్తా. నువ్వు మాత్రం నిచ్చెన జోలికి పోవాకు."

"దసరాకంటే వానలన్నీ నెత్తిన పడిపోతాయి కదయ్యా. అంతవరకు మిషన్ మూసిపెట్టాల్నా?"

"ఏం చేస్తాం మల్ల? నీకు చాతకాదు, నేను ఈడ ఉండా."

అతను ప్రేమగానే అన్నాడు. కానీ 'నీకు చాతకాదు' అన్న మాట ఆమెకు చాలాసేపు లోపల గుచ్చుకుంటూనే ఉంది.

ఆ వారంలోనే మందుల కోసం పెద్దాసుపత్రికి పోవలసి వచ్చింది. పక్కింటి చౌడమ్మ తోడు వచ్చింది. ఆరోజు డాక్టరమ్మను మేడ మీదికి మార్చారు. చౌడమ్మ మందుల చీటీ కోసం కింద వరుసలో నిలబడితే, మల్లీశ్వరి మెల్లగా మెట్ల దగ్గరికి పోయి, గోడకున్న కమ్మీ మీద మోచేయి ఆనించి ఎక్కడం మొదలుపెట్టింది. సగం ఎక్కాక గానీ ఆమెకు తట్టలేదు, తనను ఎవరూ పట్టుకోలేదని. మోకాలు నొప్పి పెడుతోంది గానీ కూలబడటం లేదు. అక్కడే నిలబడి కిందికి చూసింది. మెట్లు ఎత్తు తక్కువ. ఒక్కొక్కటి రెండు కాళ్లూ కుదురుగా పెట్టుకునేంత వెడల్పు. వంగడం కష్టం కాబట్టి గోడకు ఆనుకుని మెట్టు మీద కూర్చుని, పక్క మెట్టు ఎత్తును జానతో కొలుచుకుంది. జానెడులో సగం కంటే రవ్వంత ఎక్కువ.

చౌడమ్మ పరుగున వచ్చింది. "ఏమాయ మల్లీ? పడితివా?"

"పడలేదక్కా. కొలుస్తాండా."

మరునాడే ఓబిలేష్‌కు కబురు పెట్టింది. అతను చౌడు సంచితో వచ్చాడు.

"మన్ను పక్కన పెట్టు ఓబిలేషా. ముందు నాకు మెట్లు కట్టు. తర్వాత మిద్దె సంగతి చూద్దాం."

"ఏం మాటక్కా ఇది? మిద్దె కారతాంటే మెట్లేంది?"

"నువ్వు ఎక్కినప్పుడల్లా అయిపాయ అన్నావు. పైన ఏం చేసినావో నేను చూసినానా? నువ్వు చెప్పింది నమ్మి కింద కూసోడమే కదా నా పని? నా ఇల్లు నేను చూసుకోవల్ల."

"మెట్లుంటే మాత్రం ఎక్కుతావా నువ్వు?"

"నేను ఎక్కేటట్లు కట్టల్ల. నువ్వు ఎక్కేటట్ల కాదు."

రాళ్లకు కొదవలేదు. పెరట్లో కూలిపోయిన ఎద్దుల కొట్టం గోడ రాళ్లు కుప్పగా పడి ఉన్నాయి. ఇంటి పక్కగోడ వెంట మెట్లు లేచాయి. ఎత్తు తక్కువ కాబట్టి గోడ పొడవు చాలక, మూల దగ్గర మలుపు తిప్పాల్సి వచ్చింది. ఆ మలుపులో కూర్చోవడానికి చిన్న అరుగులాంటిది వేయించింది. మల్లీశ్వరి పక్కనే కుర్చీ వేయించుకుని, ఒక్కో మెట్టు ఆరగానే లేచి కాలు పెట్టి చూసేది.

"ఇది ఎత్తు అయిపాయ. దింపు."

"రెండు వేళ్ల మందం కూడా ల్యాదక్కా తేడా!"

"నీకు ల్యాదు. నా మోకాలుకు ఉండాది."

ఓబిలేష్ గొణుక్కుంటూ రాయి పీకి మళ్లీ కూర్చోబెట్టేవాడు. కొన్నాళ్లకు ఆమె చెప్పకముందే, "వచ్చి కాలు పెట్టక్కా" అని పిలవడం అలవాటు చేసుకున్నాడు. పట్టుకోవడానికి ఇనుప పైపు బిగించాడు. సన్నటి పైపు ఆమె వేళ్లకు చిక్కలేదు. దానికి పాత సైకిలు ట్యూబులు చుట్టించి లావు చేయించింది. ఇప్పుడు వేళ్లు మూయకపోయినా ముంజేయి ఆనించితే జారదు.

దారిన పోతున్న పుల్లన్న ఒకరోజు మోటారుసైకిలు ఆపాడు. ఊళ్లో పెద్ద రైతు, మాట కరుకు.

"ఏమ్మా మల్లీశ్వరీ, కారేది మిద్దె కదా? కట్టించేది మెట్లా?"

"అవునన్నా. మిద్దె కిందికి దిగొచ్చి కనపడదు కదా. నేనే పైకి పోవల్ల."

పుల్లన్న పకపకా నవ్వాడు. "అదీ నిజమే. చౌడు యాడ తెస్తావు? మా బీడులో మంచి చౌడు ఉండాది. ట్రాక్టర్‌తో పంపిస్తాలే" అని బండి తీశాడు. సాయంత్రానికి వాకిట్లో చౌడు కుప్ప పడింది.

మెట్లు బాగా ఆరాక, ఎండ చల్లబడిన ఒక సాయంత్రం మల్లీశ్వరి ఎక్కింది. కీళ్లు కాస్త సడలేది ఆ వేళకే. కింద చౌడమ్మ, వెనకాల ఓబిలేష్. ఇరుగుపొరుగు అరుగుల మీద నిలబడి చూస్తున్నారు. ఓబిలేష్ చేయి అందించబోతే వద్దంది. కుడికాలు, దాని పక్కకు ఎడమకాలు. ఊపిరి. మళ్లీ కుడికాలు. మలుపులో కూర్చుంది. మోకాళ్లు మండుతున్నాయి. చీర కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ లేచింది.

మిద్దె మీద కాలు పెట్టగానే గాలి తగిలింది. ఎదురుగా ఎర్రటి చేలు, వాటి అవతల గుట్టలు, రోడ్డు మీద ధర్మవరం బస్సు. ఎన్నేళ్లయిందో ఇవన్నీ చూసి! కిందినుంచి చౌడమ్మ అరిచింది.

"ఎక్కితివా మల్లీ?"

"ఎక్కితినక్కా! ఈడనే ఉండా, మిద్దె మీద!"

అరుగుల మీద ఎవరో ఈల వేశారు.

ఆమెకు నిలబడి వంగడం, గొంతుకూర్చోవడం చేతకావు. కాబట్టి గోనెసంచి పరిపించుకుని దానిమీద కూర్చుంది. సంచితో పాటే జరుగుతూ మిద్దెనంతా చూడసాగింది. చూస్తూంటే సంగతి తెలిసింది. ఓబిలేష్ పోసిన మన్ను గుట్టగా నిలబడి ఉంది. ఒక బిందె నీళ్లు తెప్పించి ఎగువ పక్క పోయించింది. నీళ్లు మిద్దె అంచున బయటికి దూకే దోనె వైపు పోలేదు. గుట్టకు అడ్డుపడి, పక్కకు తిరిగి, పిట్టగోడ మూలకు చేరి నిలిచాయి. ఆ మూలలో జానెడు వేపమొక్క పచ్చగా మొలిచి ఉంది. చూస్తూండగానే నీళ్లు మొక్క మొదట్లోకి ఇంకిపోయాయి.

"ఓబిలేషా, నువ్వు కిందికి పోయి మిషన్ గదిలో నిలబడు. చౌడక్కా, నువ్వు పైకొచ్చి ఇంకో బిందె పొయ్యి."

చౌడమ్మ పోసింది. కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత మిద్దె మధ్యలో వెలుతురు కోసం వదిలిన గవాక్షిలోంచి ఓబిలేష్ గొంతు గట్టిగా వచ్చింది.

"అక్కా! పడతాంది! ఈడనే పడతాంది!"

నీళ్లు దిగేది ఒక మూల, బండ మీదుగా జారి కారేది ఇంకో చోట. కారే చోట మన్ను పోసినందువల్ల నీళ్లన్నీ దిగే చోటికే మళ్లాయి. ఓబిలేష్ పైకొచ్చి ఆ మొక్కను చూసి తలపట్టుకున్నాడు.

"దీన్ని నేను చూసింటి అక్కా. చిన్న మొక్కే కదా అనుకుంటి."

"అయిందేదో అయిందిలే. వేరుతో సహా పీకు."

మరునాడు పని మొదలైంది. గుట్ట తవ్వి తీశారు. వేపమొక్క వేరు చేయంత పొడవు వచ్చింది. ఆ రంధ్రాన్ని రాతిముక్కలతో, బంకమట్టితో కూరారు. పుల్లన్న పంపిన చౌడు మిద్దెనంతా పరిచి, దోనె వైపు వాలుగా సర్దారు. మల్లీశ్వరి కూర్చున్నచోటి నుంచే వాలు చూసి చెప్పేది. మట్టి అణగగొట్టే చెక్కను ఆమె వేళ్లు పట్టలేవు. ఆ చెక్క పిడిని తువ్వాలుతో ముంజేతికి కట్టించుకుని మూల భాగం తానే కొట్టింది. కాసేపు కొట్టడం, కాసేపు ఆగడం. మిగతాదంతా ఓబిలేష్ కొట్టాడు.

మరుసటి రోజంతా ఆమె మంచం దిగలేకపోయింది. మణికట్లు ఉబ్బి ఎర్రబడ్డాయి. చౌడమ్మ సంగటి కలిపి తినిపిస్తూ తిట్టింది. "ఏమే, నువ్వు కొట్టకపోతే మిద్దె నిలబడదా?"

"నిలబడతాదక్కా. నేను కొట్టిన మూల ఒకటుండాల అనిపించింది."

జూన్ చివర్లో అసలైన వాన వచ్చింది. మధ్యాహ్నం మొదలై వీధులు కాలువలై పారాయి. ఆ సరికే మిషన్ గదిలో రాగుల సంచులతో నలుగురైదుగురు ఆడవాళ్లు ఉన్నారు. అందరూ పైకే చూస్తున్నారు. మల్లీశ్వరి లేచి మోటారు చుట్టూ నేలను పాదంతో తడిమింది. స్విచ్ ఉన్న గోడ మీద అరచెయ్యి వెనకవైపు ఆనించింది. పొడిగా ఉంది. బయట దోనెలోంచి నీళ్లు ధారగా దూకుతున్న చప్పుడు వినిపిస్తోంది. పడాల్సిన చోటే పడుతున్నాయి.

ఆమె కుర్చీలో కూర్చుని మోచేత్తో స్విచ్ నొక్కింది. మిషన్ గర్జించింది. ఆ చప్పుడులో వాన చప్పుడు కలిసిపోయింది.

"పొయ్యండమ్మా రాగులు! ఏం చూస్తాండారు?" అని అరిచింది నవ్వుతూ.

ఆ సాయంత్రం తిప్పేస్వామి ఫోన్ చేశాడు. టీవీలో వాన సంగతి చూశాడట. "మిద్దె ఎట్లుండాది మల్లీ?"

"కారలేదు. మిషన్ ఆడించినా. నిన్న సాయంత్రం మబ్బు పట్టినప్పుడు పైకెక్కి ఒకసారి చూసుకునొచ్చినా."

"ఎక్కినావా? ఎట్ల?"

"కాళ్లతోనే ఎక్కినా. వచ్చి చూద్దువులే."

నొప్పి తగ్గిందని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకోదు. చలి పెరిగిన రోజుల్లో టీ గ్లాసు కూడా చౌడమ్మే పట్టుకోవాలి. ఆ రోజుల్లో మెట్ల జోలికి పోదు, మంచి రోజు కోసం చూస్తుంది. మంచి రోజు వచ్చిందంటే చాలు, గోనెసంచి భుజాన వేసుకుని పైపు మీద ముంజేయి ఆనిస్తుంది. మొన్న అట్లా ఎక్కి దోనెలో అడ్డుపడిన ఆకులు చౌడమ్మతో తీయిస్తూ, పైనుంచే వీధిలో పోతున్న ఓబిలేష్‌ను కేకేసింది.

"ఓబిలేషా, ఎల్లుండి రా. స్నానాలగది గడప ఎత్తుగా ఉండాది. దింపేయల్ల."

"వస్తానక్కా" అన్నాడతను తల పైకెత్తి. "కుర్చీ నువ్వే వేయించుకో. కొలతలు మాత్రం నన్ను అడగాకు, నీ మోకాలునే అడుగు."