గుమ్మం పక్క గాటు

పోయిన మంగళవారం ఒక బిల్డరు మా ఇంటికొచ్చి, పీట బరువున్న రంగుల పుస్తకం ఒకటి నా ఒళ్లో పెట్టాడు. భద్రాచలం రోడ్డులో, అడవి మొదలయ్యే చోట అపార్టుమెంట్లు కడుతున్నాడట. పంచేంద్రియాలకూ విందు చేసే ఇళ్లట. లిఫ్టులో మల్లెపూల వాసన చిమ్మే మిషను, నడిచే దారి పొడవునా పిట్టల కూతలు వినిపించే స్పీకర్లు. మరి అక్కడ పిట్టలు వాలే చెట్లను కొట్టించిందెవరయ్యా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఖమ్మంలో ముప్పై ఏళ్లు ఇళ్ల ప్లాన్లు గీసినవాణ్ని కాబట్టి సలహాదారుగా నా పేరు వేసుకుంటానన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట అతని మీద కొంతే. మిగతాది ఎవరి మీదో తెలియాలంటే మా పెదనాన్న గురించి చెప్పాలి.

నన్ను పెంచి చదివించింది ఆయనే. కొత్తగూడెంలో బొగ్గుబాయి కార్మికుడు. ఏనాడూ ముద్దుగా ఒక మాట అన్న పాపాన పోలేదు. అన్నంలో రాయి తగిలితే పెద్దమ్మను, లెక్క తప్పితే నన్ను, వాన పడితే ఆకాశాన్ని తిట్టేవాడు. బాయిలో దిగగానే ఆయన మొదటి పని చేతిలో కడ్డీతో పైకప్పును తట్టి చూడటం. ఖంగుమంటే బండ బిగువుగా ఉన్నట్టు. బొదబొదమంటే డొల్ల, ఇక బయటికి పరుగెత్తాల్సిందే. చీకట్లో ముప్పై ఏళ్లు ఆ చప్పుడును నమ్ముకుని బతికినవాడు, షుగరొచ్చి చూపు పోయినా పెద్దగా బెదరలేదు. క్వార్టర్ల లైన్లో ఆయన ఒంటరిగానే తిరిగేవాడు. ఒక ఇంటి ముందు జామచెట్టు వాసన, ఇంకో ఇంటి ముందు కాలికి తగిలే గుంట, ఆ పక్కన పొద్దంతా రాజుకునే బొగ్గుపొయ్యి వేడి, ఆ తర్వాత మా ఇంటి అరిగిన గడప. సైరన్ కూస్తే ఏ షిఫ్టు దిగిందో చెప్పేవాడు. ఆ లైను ఎవరి ప్లానో నాకు తెలియదు. గీసినవాడు మాత్రం పంచేంద్రియాలను తలచుకుని ఉండడు.

పెద్దమ్మ పోయాక, క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వచ్చాక, ఆయన్ను ఖమ్మం తీసుకొచ్చాను. నేనే ప్లాను గీసిన అపార్టుమెంటు, అందులోనే నా ఫ్లాటు. నాకు గర్వంగా ఉండేది, దాచుకోను. అద్దంలా మెరిసే టైల్సు, చెయ్యి పెడితే జారిపోయే గోడలు, అన్ని అంతస్తులూ ఒక్క అచ్చులో పోసినట్టు. ప్రారంభోత్సవం రోజు కింద హాల్లో అందరూ భోజనాలు చేస్తుంటే ఆయన లేచి నిలబడి, చేతికర్రతో పైన అందంగా బిగించిన పలచటి సీలింగును తట్టాడు. అది బొదబొదమంది. "డొల్ల ఉన్నది! ఉరుకుండ్రి బయటికి!" అని అరిచాడు. పిలుపుకొచ్చిన బాయి దోస్తులు ముందు లేచారు. వాళ్లను చూసి మిగతావాళ్లు లేచారు. సాంబారు చేతులతో జనం రోడ్డు మీద నిలబడితే, ఆ అపార్టుమెంటు కట్టిన బిల్డరు నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "అది కప్పు కాదు పెదనాన్నా, అలంకారం" అన్నాను పళ్లు నూరుతూ. "డొల్ల డొల్లే. అలంకారమైతే మీద పడదా?" అన్నాడు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ వారం తర్వాత ఆయనే మాట కలిపాడు. అడిగింది ఒకే ఒక్కటి. "గుమ్మం ముంగట ఒక గరుకు రాయి ఎయ్యిరా. కాలుకు తెలుస్తది గిది మన ఇల్లని." మెరిసే టైల్సు మధ్య గరుకు రాయా! అసహ్యంగా ఉంటుందన్నాను. "ఎవనికి?" అన్నాడు. రాయి మాత్రం వేయించలేదు. మూడు రోజులకు మా తలుపు పక్కన, నడుము ఎత్తున, వేలు పట్టేంత గాటు కనిపించింది. మేకుతో చెక్కుకున్నాడు. ఆ గాటును వేలితో తడుముకుని ఇల్లు చేరేవాడు. రెండు నెలలు ఎవరి సాయమూ లేకుండా కిందికి దిగి, ఎండలో కూర్చుని, పైకి వచ్చేవాడు. ఆ ముసలాయన ఆ రోజుల్లో కూనిరాగం తీయడం నేను విన్నాను.

అసోసియేషన్ కార్యదర్శి ఆ గాటు చూపించి, ఇల్లు గీసినవారే గోడలు పాడుచేస్తే ఎలాగండీ అన్నాడు. నాకు తలకొట్టేసినట్టయింది. ఒక పొద్దున పెదనాన్న కింద ఎండలో కూర్చుని ఉండగా పనివాణ్ని పిలిచి, నేనే దగ్గరుండి ఆ గాటులో పుట్టీ పెట్టించి రంగు వేయించాను. ఆయనకు చెప్పలేదు. చెబితే గొడవ పడతాడని చెప్పలేదు. ఆయన పైకి వచ్చి గోడ తడిమాడు. గాటు దొరకలేదు. అంతస్తు తప్పాననుకుని మెట్లెక్కి పైకి పోయాడు. అక్కడా గోడ తడిమాడు. ఒక తలుపు తెరిచి ఉంటే, తలుపు తీసి పెట్టింది మనవాళ్లే అనుకుని లోపలికి నడిచాడు. ఆ ఇంట్లో ఆడమనిషి దొంగ అని కేక పెట్టింది. ఆమె తమ్ముడు తోశాడు. నేను ఏరికోరి వేయించిన నున్నటి టైల్సు మీద ఆయన జారిపడితే తుంటి ఎముక విరిగింది.

దవాఖానాలో సంగతి చెప్పేశాను. "కండ్లు షుగరు తీస్కపోయింది. చేతులున్నయ్ గదా అనుకున్న. గవి నువ్వు తీస్కపోయినవ్" అన్నాడు. మళ్లీ నాతో మాట్లాడలేదు. మంచం దిగకుండానే ఆ వానాకాలంలో పోయాడు. నేను క్షమాపణ అడిగాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. నా మీద ఉన్నంత లేదు.

బిల్డరు పుస్తకం చివరి పేజీలో పెన్నుతో రాశాను: ప్రతి గుమ్మం పక్కన నడుము ఎత్తున ఒక గాటు, ఒక్కో ఇంటికి ఒక్కో తీరుది. అతను చదివి, "లుక్కు పాడైతది గదా సార్" అన్నాడు. ఒకప్పుడు నేనన్న మాటే అది. పుస్తకం చేతిలో పెట్టి బయటికి పొమ్మన్నాను. అతను పోయాక తలుపు పక్క గోడను వేలితో తడిమాను. ఈమధ్య డాక్టరు నాక్కూడా షుగరు కళ్లదాకా వచ్చిందన్నాడు. ఇన్నేళ్లలో కాలం ఈ గోడ రంగు వెలిసేలా చేసింది, నా చూపు మసక చేసింది. నేను పూడ్పించిన ఆ వేలెడు గాటును మాత్రం తిరిగి తెరిచి ఇవ్వలేదు.