పాల్‌రాజ్ గారి గొంతు

పాల్‌రాజ్ గారికి దేవుడు గొంతు ఇవ్వలేదు, గుసగుస ఇచ్చి పంపాడు. మా యూనివర్సిటీ సైన్సు లైబ్రరీ కింది అంతస్తులో మేకర్‌స్పేస్ అని ఒక గది ఉంది. పిల్లలు తమ చేతులతో వస్తువులు చేసుకునే చోటు. రంపాలు, డ్రిల్లులు, ప్లాస్టిక్ షీట్లు కోసే లేజర్ యంత్రం, అన్నీ ఒకేసారి మోగుతుంటాయి. ఆ మోతలో నిలబడి ఇన్‌చార్జి పాల్‌రాజ్ గారు గుసగుసలాడతారు.

"ఏంటి సార్?" అంటారు పిల్లలు. ఆయన డ్రిల్లు ఆపించి, చెవి దగ్గరికి వంగి, మళ్ళీ గుసగుసగానే చెబుతారు.

పక్కనే పుస్తకాల కౌంటర్లో కూర్చునే నేను ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"తలుపేసే ఉంది కదండీ. కాస్త గట్టిగా చెప్పొచ్చుగా?"

"ఇది లైబ్రరీ గదా సార్," అన్నారు. అదీ గుసగుసే.

బయటా అంతే. రాయపురం రేవులో చేపలమ్మే అమ్మాసి అనే ఆవిడ చెవిలో ఆయన బేరమాడుతుంటే, వీళ్ళిద్దరూ ఏదో లోపాయికారీ ధర కుదుర్చుకుంటున్నారని చేపలు కొనే మిగతావాళ్ళు తగాదాకి దిగారట. ఆ తగాదానీ ఈయన గుసగుసగానే సర్దారని వాళ్ళావిడ చెప్పి తల పట్టుకుంది. నాకూ అదంతా చాదస్తంగానే కనిపించేది.

ఈమధ్య మైత్రి అని ఫిజిక్సు ఆఖరి ఏడాది అమ్మాయి, సోమవారం చూపించాల్సిన ప్రాజెక్టుకి డబ్బా చేసుకుంటోంది. లేజర్‌తో కోయదగ్గ అక్రిలిక్ ప్లాస్టిక్ అనుకుని పీవీసీ షీటు తెచ్చి యంత్రం కింద పెట్టింది. పీవీసీ కాలితే విషపు పొగ. అలారం మోగింది, రీడింగ్ హాలంతా ఆవరణలోకి పరిగెత్తింది.

అలారం మోగించినవాళ్ళకి ఆ సెమిస్టరంతా గదిలోకి ప్రవేశం లేదు. చీఫ్ లైబ్రేరియన్ విజయ గారి నియమం అది.

"ఎవరు చేశారిది?" అన్నారు ఆవిడ, అందరి ముందూ నిలబడి.

మైత్రి మొహంలో నెత్తురుచుక్క లేదు. ప్రాజెక్టు పోయినట్టేనని నేనూ అనుకున్నాను. ఆ పిల్ల నోరు తెరవబోయింది.

"నేనే మేడమ్! షీటు సరిగా చూసుకోకుండా పెట్టేసినా. తప్పు నాదే."

ఆ కేక ఎవరిదో తెలియక అటూ ఇటూ చూశాను. యంత్రం ఆపి అందరికన్నా ఆఖర్న బయటికొచ్చిన పాల్‌రాజ్ గారిది. హార్బరులో ఓడ కూతకి సరిపోయే గొంతు.

తరవాత ఆయన మైత్రి పక్కకి వచ్చి, మామూలు గుసగుసలోకి దిగారు.

"ఆ షీటు ఇంకెప్పుడూ పెట్టబాకమ్మా. మంచిది నా బీరువాలో ఉండాది. రేపొచ్చి కోసుకో."

ఇన్నేళ్ళలో ఆ గదిలో ఎవరేం పాడుచేశారో నాకు ఒక్కటీ తెలియదని అప్పుడు తట్టింది. ఎవరి తప్పూ వాళ్ళ చెవి దాటి బయటికి రాలేదు. ఆయన మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది.

విజయ గారు అందరినీ లోపలికి పంపి మా దగ్గరికి వచ్చారు. చీవాట్లు తప్పవనుకున్నాను. ఆవిడ చుట్టూ ఒకసారి చూసి, పాల్‌రాజ్ గారి చెవి దగ్గరికి వంగారు.

"అలారం మోగినప్పుడు మీరు నా గదిలో టీ తాగుతున్నారు కదండీ," అని గుసగుసగా అని, మెట్లెక్కి వెళ్ళిపోయారు.