మూడొద్దుల లెక్క

అపరాధ కథలు రాసే మేం ఆరుగురం ప్రతి ఆదివారం అల్వాల్‌లో కలుస్తాం. ఆఖరి పేజీ దాచుకుని కథ చదవాలి. హంతకుడెవరో మిగతా ఐదుగురూ చీటీల మీద రాస్తారు. ఆ రోజు నా కథకు ఐదు చీటీల్లోనూ ఒకటే మాట: అన్న. వరుసగా మూడోసారి దొరికిపోయాను. ఒళ్లు మండి, ఇక వెళ్లకూడదనుకుని శామీర్‌పేట బస్సెక్కాను. కాగితాలు చింపబోతుంటే పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. కాళ్ల దగ్గర ఖాళీ చేపల గంప.

"ఏంది బిడ్డా, ఏం రాసినవ్ అండ్ల?"

చెప్పాను. చలికాలం సాయంత్రం ఒకతన్ని చెరువులోకి తోసేస్తారు. తెల్లారేసరికి శవం తేలుతుంది. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్నది అతని అన్న ఒక్కడే.

"తెల్లారేసరికి యాడ తేలుతది? సలికాలంల మునిగినోడు జల్దీ పైకి రాడు. మా ఇంటాయన కోసం మూడొద్దులు గట్టు మీదనే గూసున్న."

చింపబోయిన కాగితాలు మళ్లీ తెరిచాను. ఆమె గంప బోర్లించి నా ఒళ్లో పెట్టింది.

"దీని మీద పెట్టి రాయి. శామీర్‌పేట దాంక మస్తు టైముంది."

రాశాను. శవం మూడు రోజులకు తేలితే, కనిపించకుండా పోయినతను ఏ రోజు మునిగాడో ఎవరూ చెప్పలేరు. ఆ రోజుల్లో ఆ ఇంటికి వచ్చిపోయిన వాళ్లందరి మీదా అనుమానమే.

తర్వాతి ఆదివారం ఐదు చీటీల్లో ఐదు పేర్లు వచ్చాయి.

పాత కథలో చనిపోయినతనికి భార్య లేదు. ఇప్పుడుంది. మూడు రోజులూ చెరువు గట్టు మీదే కూర్చుంటుంది.